వార్షిక నివేదిక 2025–26: పంచాయతీలో మన ఆడవాళ్లు

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ఆటలు, ఉగాది సభ, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది ఎక్కువ పని పంచాయతీ దగ్గరే నడిచింది కాబట్టి మిగతాదంతా ఆ సంగతే.

ఒడిశాలో పంచాయతీల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ హయాంలోనే వచ్చాయి, దేశమంతటా ఆ వాటా తెచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి రాకముందే. 2012 ఎన్నికల నుంచి సగం సీట్లు వాళ్లవే. పైగా సర్పంచ్ మగవాడైతే నాయబ్ సర్పంచ్ (ఉపసర్పంచ్) తప్పనిసరిగా మహిళే. అందుకే గంజాం జిల్లాలో మన తెలుగువాళ్లున్న ఊళ్లలోనూ ఆడవాళ్లు వార్డు మెంబర్లుగా గెలుస్తున్నారు. చిక్కంతా గెలిచాకే. నోటీసులు, రిజిస్టరు, తీర్మానాలు అన్నీ ఒడియాలో ఉంటాయి. మనవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చదివిపెట్టే వంకతో భర్తో మరిదో పక్కన కూర్చుంటాడు. కాసేపయ్యాక మాట్లాడేది కూడా ఆయనే.

అందుకని ఆదివారం మధ్యాహ్నాలు ఒడియా చదువు పెట్టాం. అక్షరాల పుస్తకంతో కాదు, పాత తీర్మానాల జిరాక్సులతో. ముందు తేదీ, ఆ తర్వాత డబ్బు మొత్తం, ఆ తర్వాత పని పేరు పోల్చుకోవడం నేర్పాం. ఫిబ్రవరి పల్లిసభలో, అంటే ఊరి ఓటర్ల సభలో, అది పనికొచ్చింది. చట్టం ప్రకారం పల్లిసభకు అధ్యక్షత వార్డు మెంబరుదే. సంతకానికి రిజిస్టరు చేతికిస్తే మన మెంబరమ్మ ఒకామె, "ఏటి రాసారో సదివి సెప్పండి, అప్పుడు పెడతాను" అంది. చదివితే, అందరూ మొదటి పనిగా ఒప్పుకున్న బోరింగు చుట్టూ కాలువ పని మూడో వరసకు దిగింది, కల్యాణ మండపం పైకెక్కింది. అక్కడికక్కడే మార్పించింది. కొందరు మగవాళ్లు గొణిగారు. వాళ్లలో మన కార్యవర్గ సభ్యులూ ఉన్నారని రాయకపోతే అన్యాయం.

నీళ్ల పని ఆడవాళ్లు ముందు పట్టుకోవడం మన ఊళ్లోనే జరిగింది కాదు. పరిశోధకులు రాఘబేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనంలో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో మహిళలకు రిజర్వు చేసిన పంచాయతీలు తాగునీటి పనులు ఎక్కువ చేయించాయని తేలింది. బెంగాల్లోనే ఆ తర్వాత జరిగిన మరో పరిశీలనలో, రెండు విడతలు రిజర్వు అయిన చోట రిజర్వేషన్ లేని సీట్లకు కూడా మహిళలు నిలబడటం, గెలవడం పెరిగింది. ఒక్క విడతతో అంత మార్పు రాలేదు. మనం పట్టించుకోవాల్సింది ఇదే. ఇక్కడ సీట్లు రొటేషన్‌లో మారిపోతాయి. వార్డు జనరల్ (ఆడామగా ఎవరైనా నిలబడొచ్చు) అయిందంటే చాలు, "ఇంక నీకెందుకు ఈ టెన్షన్" అని ఇంట్లోవాళ్లే మాన్పిస్తారు. జనరల్ అంటే మగవాళ్ల సీటు అనుకుంటున్నారు, చదువుకున్నవాళ్లు కూడా.

2022లో ఎన్నికైన పంచాయతీల గడువు 2027 మొదట్లో ముగుస్తుంది. ఈలోగా తరగతులు ఆపడం లేదు. ఒడియా బాగా చదవగల అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కావాలి. మగ మాస్టర్లు వద్దని మెంబర్లే అడిగారు. జనరల్ వార్డుల్లో నిలబడదలచిన ఆడవాళ్లు పేర్లు కార్యదర్శికి ఇవ్వండి, నామినేషన్ కాగితాలు దగ్గరుండి నింపిస్తాం.