మావాడి అక్షరాలు వెతికిపెట్టిన మీ అందరికీ

ముందు లెక్క చెప్తాను. నా పాత స్నేహితుడు చేత్తో రాసినవి ఎక్కడైనా ఉంటే వెతకమని అడిగాను కదా, 11 రోజుల్లో 23 దొరికాయి. వారపత్రికల్లో కథల శీర్షికలు 14, పుస్తకాల అట్టలు 6, నాటకాల కరపత్రాలు 2, దుకాణం బోర్డు ఒకటి. నేను అడిగినప్పుడు రెండో మూడో వస్తే గొప్పనుకున్నాను.

మావాడి పేరు రాయొద్దని వాళ్ళమ్మాయి కోరింది కాబట్టి రాయడం లేదు. 1986లో నేను ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి, వాడు శీర్షికలు రాసేవాడు. కథ పేరు చీటీ మీద రాసిస్తే, ఐవరీ షీటు మీద అచ్చులో ఉండాల్సినదానికి రెండింతల సైజులో నల్ల ఇంకుతో రాసి, చెదిరిన చోట పోస్టర్ వైట్‌తో సరిచేసేవాడు. కెమెరాలో కుదించేసరికి అంచులు పదునెక్కేవి. కింద సంతకం ఉండేది కాదు. తలకట్టుని అక్షరానికి ఆనించేవాడు కాదు, వెంట్రుకవాసి సందు వదిలేవాడు. అడిగితే "అక్షరానికి గాలాడొద్దారా?" అనేవాడు. ఓసారి ఎడిటరు గారు అది ప్రింటింగు తప్పనుకుని ఆ సందు పూడ్పించారు. రెండు రోజులు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు మహానుభావుడు.

తర్వాత కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చింది. శీర్షికలు పోయాయి, వాడు దుకాణాల బోర్డులకి మళ్ళాడు. ఫ్లెక్సీలొచ్చి అవీ పోయాయి. నేను ఉద్యోగం మారి కూకట్‌పల్లి చేరాను. పోట్లాట ఏమీ లేదు, నంబర్లు మారాయి. వాడుండే దోమలగూడ ఏమంత దూరమని? 15 ఏళ్ళు వెళ్ళలేదు, అంతే.

మా అమ్మాయి పుట్టినప్పుడు "దీని శుభలేఖ నేనే రాస్త" అన్నాడు. మొన్న ఆ శుభలేఖ పట్టుకునే వాళ్ళింటికి వెళ్ళాను, కంప్యూటరు అక్షరాలతో అచ్చయినది. గోడ మీద దండ వేసిన ఫొటో. పోయి ఏడాది కావస్తోందట. "ఇన్ని దినాలకు యాదికొచ్చినమా అన్నా" అంది వదినమ్మ. కోపంగా కాదు, కుర్చీ జరుపుతూ అంది. కార్డు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాను.

ఇంట్లో వాడి రాత ఒక్కటీ లేదు. 2020 అక్టోబరు వానలకి నాలా పొంగి కింది పోర్షన్లోకి నీళ్ళొస్తే షీట్ల కట్టలన్నీ ముద్దయ్యాయట. సంవత్సరీకానికి నాన్న రాసింది ఒక్కటైనా ఉంటే బాగుండని ఆ పిల్ల అన్నది. ఆ రాత్రే మిమ్మల్ని అడిగాను, గుర్తుగా ఆ సందు సంగతి చెప్పి.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రెండు ఆదివారాలు పాత పుస్తకాల గుట్టలు తవ్విన తమ్ముడూ, ఆ ఆరు అట్టలూ నీ చలవే. డబ్బులు తీసుకోలేదు, ఇరానీ చాయ్‌తో సరిపెట్టావు, అది బాకీనే. చిక్కడపల్లి గ్రంథాలయంలో బైండు చేసిన సంపుటాలు తిరగేసిన ఇంజనీరింగు కుర్రాడికీ, ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పత్రికలు రాత్రిళ్ళు చూసిన వరంగల్ మేడం గారికీ దండాలు. స్కానుల్లో సందు కనబడక, "ఇది ఆయనదేనా, నా కళ్ళదోషమా?" అని ఆవిడ తొమ్మిదిసార్లు అడిగారు. తొమ్మిదింటిలో ఏడు వాడివే! వాడివి కానివీ కొన్ని వచ్చాయి. ఒకటైతే బాపు గారి చేతిరాతతో చేసిన ఫాంటు. మావాడు వింటే వారం రోజులు కాలరెగరేసుకుని తిరిగేవాడు.

నిన్న సంవత్సరీకం. ప్రింట్లన్నీ ఫొటో ముందు పరిచారు. వదినమ్మ చదువుకోలేదు. ఒక్కొక్కటీ తీసుకుని తలకట్టు దగ్గర గోరు పెట్టి చూసి, "ఇది ఆయనదే" అని పక్కన పెట్టింది.

ఇక మిగిలింది రాంనగర్ టైలరు బోర్డు. దసరాకి ఫ్లెక్సీ పెడుతున్నాడట, పాతది ఊరికే తీసుకెళ్ళమన్నాడు. ఆయనకీ కృతజ్ఞతలు. ఎనిమిదడుగుల రేకు, ఆదివారం పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటో మాట్లాడాను. అటువైపు ఉండేవాళ్ళెవరైనా ఒక చివర పట్టుకోవడానికి వస్తే చాలు.