ఒక పూట సభతో హింస ఆగదు

సంపాదకులకు,

గృహహింస, లైంగిక హింసలపై అవగాహన అంటే ఒక ఉపన్యాసం, ఒక ప్రతిజ్ఞ, ఫొటోలు. దాంతో విషయం తెలుస్తుందేమో గానీ తీరు మారదు. ఉగాండా రాజధాని కంపాలాలో ‘సాసా’ కార్యక్రమం ఏళ్ల తరబడి ఇరుగుపొరుగు చర్చలుగా సాగింది. అది నడిచిన బస్తీల్లో, మహిళలపై భాగస్వాముల శారీరక హింస మిగతా చోట్లకన్నా సుమారు సగం తక్కువని 2014లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఇలాంటి చర్చకు కూర్చునే బృందం 15-20 మందికి మించకూడదు. ఆడవాళ్లు, మగవాళ్లు ముందు విడివిడిగా కూర్చోవాలి, కలిపి కూర్చోబెట్టడం తర్వాతి మాట. ‘మీకేం జరిగిందో చెప్పండి’ అని అందరి ముందూ అడగొద్దు. ఆ మాట చీకటి పడేలోపే ఇల్లు చేరుతుంది, దెబ్బలు పెరుగుతాయి. కరపత్రమూ అంతే, సంచిలో దొరికితే ముప్పే. హెల్ప్‌లైన్ నంబరు నోటికి వచ్చేదాకా చెప్పించడం నయం.

ఎవరైనా విడిగా వచ్చి చెప్పుకుంటే, భర్తను పిలిచి రాజీ చేయబోవడమే నిర్వాహకులు తరచూ చేసే తప్పు. (పెద్దమనిషి తరహా మనకు అంత తేలిగ్గా పోదు!) ఇల్లు విడిచే సమయమే ఆమెకు అత్యంత ప్రమాదం. ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితాలు తీసుకెళ్లాలి అన్నది ముందే ఆమెతో కలిసి ఆలోచించాలి, నిర్ణయం మాత్రం ఆమెదే.

ఇట్లు,
అవగాహన తరగతుల శిక్షకులు