మతిమరుపు మీద వేసిన లెక్క: దీర్ఘకాలిక సంరక్షణ బీమా గురించి ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం.

ముసలితనంలో మంచాన పడితే చూసేదెవరు, ఆ ఖర్చు పెట్టేదెవరు అన్న ఫైలు మీ టేబుల్ మీదకు ఇప్పటికే వచ్చి ఉంటుంది. రాకపోతే త్వరలో వస్తుంది. పెద్దవాళ్ల వాటా పెరుగుతున్న ఏ దేశంలోనైనా ఆ ఫైలు తప్పదు. దాంతోపాటే ఒక తేలికైన సలహా కూడా వస్తుంది: ప్రైవేటు కంపెనీలు ఉన్నాయి కదా, ప్రీమియం మీద కాస్త పన్ను రాయితీ ఇస్తే జనమే పాలసీలు కొనుక్కుంటారు, ఖజానా మీద భారం పడదు అని. ఆ సలహా మీద సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం ఒకసారి చదవండి. నేను బీమా నిపుణుణ్ణి కాను. అలాంటి పాలసీ ఒకటి మా ఇంట్లో ఉంది, అంతే.

ఆ పాలసీ అమ్మ తన 58వ ఏట తీసుకుంది. 19 ఏళ్లు కట్టింది. మధ్యలో ప్రీమియం మూడుసార్లు పెంచారు. పెంచిన ప్రతిసారీ ఉత్తరంలో అవే మూడు దారులు: పెంచినంత కట్టండి, లేదా కవరేజీ తగ్గించుకోండి, లేదా వదిలేయండి. ఇన్నేళ్లు కట్టి ఇప్పుడు వదిలేయడమేమిటని అమ్మ కడుతూనే పోయింది. 77వ ఏట జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి బిల్లు ఆరోగ్య బీమా చూసుకుంది. మా కష్టం మొదలైంది డిశ్చార్జ్ అయ్యాకే. ఆరోగ్య బీమా నయం చేయడానికి డబ్బిస్తుంది. ఇక నయం కాని మనిషిని రోజూ లేపి, కడిగి, కూర్చోబెట్టడానికి ఇవ్వదు.

ఆ పనికి డబ్బిచ్చేది అమ్మ తీసుకున్నలాంటి సంరక్షణ పాలసీ. ఈ పాలసీల్లో జబ్బు పేరు చూడరు. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం: ఈ ఆరింటిలో కనీసం రెండు ఒకరి సాయం లేకుండా చేసుకోలేకపోవాలి. లేదంటే మతి బాగా దెబ్బతిని ఉండాలి. అమెరికాలో 1996 చట్టం పన్ను రాయితీ ఉన్న పాలసీలకు ఈ కొలతే పెట్టింది. మా పాలసీలోనూ అదే.

మేం క్లెయిమ్ పెడితే అమ్మ పరిస్థితి చూడ్డానికి కంపెనీ పంపినాయన మర్యాదస్తుడే. మనిషి వస్తున్నాడని అమ్మ పొద్దున్నే జుట్టు దువ్వుకుని కూర్చుంది. నన్ను దగ్గరికి రానివ్వకుండా ఇరవై నిమిషాలు తంటాలుపడి చొక్కా గుండీలు తనే పెట్టుకుంది. "స్నానం మీరే చేస్తారామ్మా?" అని ఆయన అడిగితే "చేసుకుంటాను బాబూ" అంది. "బట్టలు?" అంటే "అవీ నేనే" అంది. ఆయన వెనకాల నిలబడి నేను కాదన్నట్టు తల ఊపితే నా వైపు కోపంగా చూసింది. గుండీలన్నీ ఒక కాజా తప్పి ఉన్నాయి. పైన ఒక కాజా ఖాళీ, కింద ఒక గుండీ మిగులు. ఆయన కళ్లు ఫారం మీద ఉన్నాయి. రెండు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది: ఆరింటిలో ఒక్కదానికే సాయం అవసరం, కాబట్టి క్లెయిమ్ కుదరదు.

పరాయి మనిషి ముందు "నా వల్ల కాదు" అని ఒప్పుకోవడం ఎంత అవమానంగా ఉంటుందో ఆ ఫారం రాసినవాళ్లకు తట్టినట్టు లేదు. జపాన్‌లో స్థానిక ప్రభుత్వం మనిషిని పంపి 74 అంశాలు పరిశీలిస్తుంది, దానికి డాక్టరు అభిప్రాయం కలిపి ఒక కమిటీ తేలుస్తుంది. లాభనష్టాలు చూసుకునే కంపెనీకి అందులో పాత్ర లేదు. ఏడు నెలల తర్వాత మాకు రెండోసారి క్లెయిమ్ మంజూరైంది, ఆ పైన 90 రోజుల నిరీక్షణ కాలం. ఇప్పుడు నెలనెలా డబ్బు వస్తోంది. కేర్‌టేకర్ జీతంలో సగానికి పైగా అందులోంచే పోతుంది. రావట్లేదని అబద్ధం చెప్పను.

ఇంతకంటే నన్ను భయపెట్టింది మరొకటి. మొదటి క్లెయిమ్ కోసం పాలసీ కాగితాలు వెతుకుతుంటే అమ్మ సొరుగులో విప్పని కవర్లు కట్టగా దొరికాయి. అందులో ఒకటి ప్రీమియం కట్టలేదన్న నోటీసు. ఇంకో ఆరు రోజులు ఆగి ఉంటే పాలసీ ల్యాప్స్ అయిపోయేది, 19 ఏళ్ల డబ్బు గాల్లో కలిసేది. అమ్మకు మతిమరుపు అప్పటికే మొదలైందని మాకు తెలిసింది ఆ సొరుగు వల్లే. ఏ జబ్బు కోసం పాలసీ తీసుకుందో ఆ జబ్బే పాలసీని ముంచబోయింది.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ ఈ వ్యాపారం గురించి చదివాను. ఇది అందరికంటే పెద్దగా నడిచింది అమెరికాలో. అక్కడ కంపెనీలు మొదట్లో ధర కట్టినప్పుడు, ఏటా వందలో ఐదుగురి దాకా మధ్యలోనే పాలసీ వదిలేస్తారని లెక్క వేసుకున్నాయి. వదిలేసినవాళ్లు కట్టిన డబ్బు మిగిలినవాళ్ల క్లెయిములకు పనికొస్తుంది. కానీ జనం వదల్లేదు. మా అమ్మలాగే పట్టుకుని కూర్చున్నారు. వదిలేసేవాళ్లు ఏటా వందకు ఒకరు చొప్పునే ఉన్నారనుకోండి, ఏమవుతుందో కాగితం మీద వేసి చూశాను. మరణాలు పక్కన పెడితే, ఏటా ఐదు శాతం పోతే 25 ఏళ్లకు వందలో 28 మంది మిగులుతారు. ఒక శాతమే పోతే 78 మంది. కంపెనీ 28 మందికి డబ్బు సిద్ధం చేసుకుంటే గుమ్మం ముందు 78 మంది నిలబడ్డారు. మొత్తానికి మన మతిమరుపు మీద, మన విసుగు మీద పందెం కాసి ఓడిపోయారు.

దానికి వడ్డీ రేట్లు తోడయ్యాయి. ఈ రోజు తీసుకున్న వంద రూపాయల ప్రీమియం ఏడు శాతం వడ్డీకి 25 ఏళ్లలో సుమారు 543 అవుతుంది, మూడు శాతానికైతే 209. 2008 తర్వాత ఏళ్ల తరబడి వడ్డీలు అడుగంటాయి. మనుషులేమో అనుకున్నదానికంటే ఎక్కువకాలం బతికారు, ఎక్కువకాలం సంరక్షణలో ఉన్నారు. ఫలితం: ఒకప్పుడు వందకు పైగా కంపెనీలు అమ్మిన ఈ పాలసీని ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని అమ్ముతున్నాయి. పెన్ ట్రీటీ అనే కంపెనీని 2017 మార్చిలో కోర్టు మూసివేయించింది, దాదాపు 76 వేల మంది పాలసీదారులు, మునిగిన బీమా కంపెనీల పాలసీదారులను ఆదుకునే రాష్ట్రాల గ్యారంటీ నిధుల మీద పడ్డారు. జనరల్ ఎలక్ట్రిక్ అంతటి సంస్థ పాత పాలసీల బరువుకు 2018 జనవరిలో 620 కోట్ల డాలర్ల నష్టం చూపించి, ఏడేళ్లలో 1500 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి ఉంటుందని ప్రకటించింది.

కంపెనీలన్నీ దొంగలని నేను అనడం లేదు. నా కోపం చల్లారాక నాకు తోచింది ఏమిటంటే, ఇది ఒక్కో కంపెనీ మోయగలిగే రిస్కు కాదు. ఇల్లు కాలితే ఒక ఇల్లే కాలుతుంది. మనుషుల ఆయుర్దాయం పెరిగినా, సంరక్షణ ఖర్చు పెరిగినా అందరికీ ఒకేసారి పెరుగుతుంది. ఎంతమందికి అమ్మినా ఆ రిస్కు పలచబడదు. ముప్పై ఏళ్ల తర్వాత ఏమవుతుందో తెలియక కంపెనీ ధర ఎక్కువ పెడుతుంది, లేదా తక్కువ పెట్టి తర్వాత పెంచుతుంది. కొనేవాళ్ల సంగతి చూస్తే, నలభైలో ఉన్నవాళ్లకు కొనాలనిపించదు, డెబ్బైలో కొనాలనిపిస్తే కంపెనీ అమ్మదు. పైగా ప్రతి ఇంట్లోనూ "కూతురుంది కదా, కోడలుంది కదా" అన్న మాట ఒకటి. ఆ కూతురో కోడలో ఉద్యోగం మానేస్తే పోయే జీతాన్ని ఎవరూ ప్రీమియంగా లెక్కపెట్టరు. ఇన్సూరెన్స్ ఉంటే పిల్లలు నన్ను ఏదో హోమ్‌లో పడేస్తారేమో అని కొనని తల్లిదండ్రులూ ఉంటారని మార్క్ పాలీ అనే ఆర్థికవేత్త 1990లోనే వాదించాడు. నవ్వొస్తుంది గానీ అమ్మతో గడిపాక నమ్ముతాను.

పోనీ ఇష్టమున్నవాళ్లకు ప్రభుత్వమే నడిపితే? అమెరికా అదీ చూసింది. 2010లో క్లాస్ అనే స్వచ్ఛంద పథకానికి చట్టం చేశారు. అవసరం ఉన్నవాళ్లే చేరతారు, లెక్క కుదరదు అని 2011లో చేతులెత్తేశారు. 2013 జనవరిలో చట్టాన్నే రద్దు చేశారు. ఒక్కరూ చేరకముందే ముగిసింది.

నిలబడినవన్నీ అందరినీ చేర్చినవే. జర్మనీలో 1995 నుంచి సంరక్షణ బీమా తప్పనిసరి, ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు కూడా ప్రైవేటు సంరక్షణ బీమా తీసుకోవాల్సిందే. జపాన్‌లో 2000 ఏప్రిల్ నుంచి 40 ఏళ్లు నిండిన వాళ్లందరూ కడతారు, సగం ప్రీమియం, సగం పన్నులు. సింగపూర్ 2020లో కేర్‌షీల్డ్ లైఫ్ అనే సంరక్షణ బీమా తెచ్చింది. 1980లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లు అందులో ఉండాల్సిందే, ముందే వైకల్యం ఉన్నా తీసేయరు. ఆ కనీస భద్రత మీద ఇంకొంచెం కావాలంటే ప్రైవేటు కంపెనీల దగ్గర అదనపు పాలసీ కొనుక్కోవచ్చు. నాకు నచ్చింది ఈ ఏర్పాటే. కింది అంతస్తు అందరిదీ. పైన ఎవరి ఓపిక వాళ్లది. పై అంతస్తులో కంపెనీ తప్పు లెక్క వేసినా మనిషి రోడ్డున పడడు.

అందుకే మీరు పెట్టాలనుకుంటున్న డబ్బు పన్ను రాయితీ మీద పెట్టకండి. రాయితీ వల్ల ఎలాగూ కొనగలిగినవాళ్లకే మిగులుతుంది, పన్ను కట్టేంత ఆదాయం లేనివాళ్లకు దానితో పనే లేదు. అదే డబ్బుతో కింది అంతస్తు మొదలుపెట్టండి, చిన్నదే అయినా ఫరవాలేదు. చూసుకునే మనుషులకు శిక్షణ, నికరమైన జీతం దాని నుంచే రావాలి. చేతిలో క్లెయిమ్ డబ్బు ఉండి కూడా కేర్‌టేకర్ దొరకక మేం గడిపిన నెలలున్నాయి.

ప్రైవేటు పాలసీలు ఎలాగూ అమ్ముతారు కాబట్టి నియంత్రణ సంస్థకు నాలుగు మాటలు చెప్పండి. ఏ కంపెనీ పాలసీ అయినా క్లెయిమ్ కొలత ఒకటే ఉండాలి, కొలిచే మనిషి కంపెనీ మనిషి కాకూడదు. ప్రీమియం పెంచాలంటే మొదట్లో వేసిన లెక్క బయటపెట్టాలి, ఎంతమంది వదిలేస్తారని అనుకున్నారో అందులో ఉండాలి. కొన్నేళ్లు కట్టి ఇక కట్టలేనివాళ్లకు, కట్టినదానికి తగ్గ చిన్న కవరేజీ అయినా మిగలాలి. ల్యాప్స్ నోటీసు పాలసీదారుతో పాటు వాళ్లు పేరిచ్చిన ఇంకొకరికీ వెళ్లాలి, మతి దెబ్బతినడం వల్ల కట్టలేదని తేలితే ఐదు నెలల్లోపు పాలసీని తిరిగి బతికించుకునే వీలుండాలి. ఇది నా సొంత ఊహ కాదు, అమెరికా రాష్ట్రాల బీమా కమిషనర్ల నమూనా నిబంధనల్లో ఉన్నదే.

మా పాలసీలో కూడా ఆ రెండో మనిషి పేరు రాసే గడి ఉంది, తప్పనిసరి కాదు. ఖాళీగా ఉంది. పక్కన మార్జిన్‌లో అమ్మ పెన్సిల్‌తో రాసుకుంది, "అబ్బాయిని అడిగి రాయాలి" అని. నన్ను ఎప్పుడూ అడగలేదు.

ఇట్లు,
ఒక పాలసీదారు కొడుకు