ఈ ఆదివారం సినిమా: విదాస్ సెకాస్

అందరికీ నమస్కారం. ఈసారి బ్రెజిల్ వెళ్తున్నాం. నెల్సన్ పెరీరా దోస్ సాంతోస్ 1963లో తీసిన 'విదాస్ సెకాస్', అంటే ఎండిన బతుకులు. ఈశాన్య బ్రెజిల్‌లోని సెర్తావ్ కరువు నేలలో ఫాబియానో, భార్య, ఇద్దరు పిల్లలు, బలేయా అనే కుక్క పని వెతుక్కుంటూ నడుస్తుంటారు. కథ అంతే.

మొదట్లోనే ఎద్దుల బండి చక్రం కిర్రుమంటూ చెవులు కోస్తుంది. స్పీకర్ పాడైందని ఆపేయకండి, ఆ చప్పుడే ఈ సినిమాకి సంగీతం! కెమెరాకి ఫిల్టర్లు కూడా పెట్టలేదు. ఎండ తెల్లగా కళ్ళలో గుచ్చుకుంటుంది.

దర్శకుడు నెల్సన్ 1955లో వేరుశనక్కాయలు అమ్ముకునే మురికివాడ పిల్లల మీద 'రియో, 40 గ్రౌస్' (అంటే రియో, 40 డిగ్రీలు) తీస్తే పోలీసు పెద్ద ఆపించేశాడు. రియోలో ఎండ 40 డిగ్రీలకు ఎప్పుడూ చేరలేదన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి! పేదపిల్లల్ని దేశం ముఖంగా చూపించడమే అసలు కడుపుమంట అని నా అనుమానం.

బలేయా సీన్ దగ్గర కర్చీఫ్ పెట్టుకోండి. 1964లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో, సినిమా కోసం కుక్కను నిజంగానే చంపారని గొడవైతే, దాన్ని అక్కడికి తెచ్చి చూపించాల్సి వచ్చింది.

సాయంత్రం ఆరింటికి మొదలు. లేటైతే బండి చప్పుడు మిస్సవుతారు.