ఎనిమిదికి రెండు: తప్పు పాచికలది కాదు

సంపాదకులకు,

అయ్యా,

బల్ల మీద ఆడే యుద్ధక్రీడల గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం, వీటిలో ఏకపక్షంగా ముగిసే పోటీలన్నీ పాచికల చలవేనన్న ధోరణిలో సాగింది. నెల కిందటి దాకా నాదీ అదే అభిప్రాయం. ఒక చిత్తు ఓటమి దాన్ని మార్చింది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేనూ నా ప్రత్యర్థీ ఆడింది 2012లో వచ్చిన ఎక్స్-వింగ్ అనే అంతరిక్ష నౌకల ఆట, అదీ మొదటి కూర్పు నియమాలతో. మూడడుగుల చదరం, దాని మీద ఆరు గ్రహశకలాలు, చెరి 100 పాయింట్లకు మించని దళం. ప్రతి రౌండ్‌లోనూ ఇద్దరూ తమ ఒక్కో ఓడ ఏ వేగంతో ఎటు కదలాలో చిన్న డయల్ మీద రహస్యంగా పెట్టి బోర్లిస్తారు. తర్వాత ఎదుటివాడి ఎత్తు చూసి నాలుక కరుచుకున్నా చేయగలిగిందేమీ ఉండదు. బలాబలాల వాదన రాకూడదని మేమిద్దరం ఒకేలాంటి దళాలు తీసుకున్నాం: ఒక్కొక్కటి 12 పాయింట్ల చొప్పున టై ఫైటర్లనే చిన్న యుద్ధనౌకలు ఎనిమిది, మొత్తం 96 పాయింట్లు. ఆట ముగిసేసరికి నావి ఎనిమిదీ కూలాయి, ఆయనవి రెండు.

ఆ సాయంత్రమంతా నేను పాచికలను తిట్టుకున్నాను. అయితే నాకు రౌండ్ రౌండ్‌కూ జరిగినదాన్ని నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు ఉండటం వల్ల, మర్నాడు దాన్ని తెరిచి నేను దాడికి వేసిన ఎర్ర పాచికలన్నీ లెక్కపెట్టాను. ఎనిమిది ముఖాల ఆ పాచిక మీద నాలుగు ముఖాలు దెబ్బ తగిలేవే, అంటే సగానికి సగం. నాకు పడ్డవి సగానికి కాస్త పైనే. ఆడలేక మద్దెల ఓడన్న సామెత నాకోసమే పుట్టినట్టనిపించింది. ముందు కాల్చే అవకాశం ఆయనకు దక్కిందని కూడా సాకు చెప్పుకోవడానికి లేదు. కాల్చే క్రమాన్ని నిర్ణయించే నైపుణ్య సంఖ్య సమానంగా ఉన్న ఓడల మధ్య, కూలిన ఓడకూ ఆ రౌండ్‌లో తన వంతు కాల్పు ఇచ్చాకే బల్ల మీద నుంచి తీసేయాలన్నది నియమం.

పుస్తకంలో కనబడిన అసలు కథ వేరు. నాలుగు ఓడలను ఎడమ అంచు వెంట నేరుగా, మిగతా నాలుగింటిని కుడివైపు రాళ్ళ చుట్టూ తిప్పి పంపి, శత్రువును రెండు వైపులా నొక్కేద్దామనుకున్నాను. కాగితం మీద గీస్తే ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. ఆయన ఎనిమిదింటినీ ఒకే ముద్దగా నా ఎడమ దళం మీదికి నడిపించాడు. కుడి దళంలో ఒక ఓడ గ్రహశకలాన్ని తగులుకుని ఆ రౌండ్‌లో కదిలాక చేసుకునే చర్యనూ (గురి కుదుర్చుకోవడం లాంటిది) కాల్పునూ కోల్పోయింది. దాని వెనకది ముందున్న నా ఓడనే గుద్దుకుని చర్య పోగొట్టుకుంది. పద్మవ్యూహంలోకి వెళ్ళిన అభిమన్యుడి వెనక రావలసినవాళ్ళను సైంధవుడు అడ్డుకున్నాడు. ఇక్కడ నాకు నేనే సైంధవుణ్ణి. కుడి దళం రాళ్ళు దాటి వచ్చేసరికి ఎడమ దళంలో ఒక్క ఓడా లేదు, ఆయనది ఒకటి మాత్రమే పోయింది. అప్పుడైనా తప్పుకోకుండా, రోషం కొద్దీ నాలుగు ఓడలను ఏడింటి ఎదుటికి తోలాను. వాటికీ అదే గతి పట్టింది.

ఒకే లక్ష్యం మీద అందరూ కాల్చడంలో ఎంత బలముందో నేను సరిగ్గా అంచనా వేయలేదు. టై ఫైటర్ దాడికి రెండు పాచికలు, రక్షణకు మూడు. ఫోకస్ టోకెన్ (ఆ చర్యతో దక్కే బిళ్ళ, పాచికల మీది కంటి గుర్తులను దెబ్బలుగానో తప్పింపులుగానో మారుస్తుంది) ఖర్చుపెడితే ఆ రెండు దాడి పాచికలకు సగటున ఒకటిన్నర దెబ్బలు పడతాయి. కాచుకునేవాడి దగ్గరా టోకెన్ ఉంటే మూడు రక్షణ పాచికల మీద సగటున రెండుకు కాస్త తక్కువగా తప్పించుకోగలడు కాబట్టి, మొదటి కాల్పు తరచూ వృథా పోతుంది. కానీ ఆ టోకెన్ దాంతో ఖర్చయిపోతుంది. రెండో కాల్పు నుంచి రక్షణ సగటు ఒకటి పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. నా నాలుగు ఓడలు నాలుగు లక్ష్యాలను ఎంచుకుని ఆయన టోకెన్లను కరిగించడంతోనే సరిపెట్టాయి. ఆయన ఎనిమిది ఓడలు రౌండ్‌కు ఒకటి రెండు లక్ష్యాలకు మించి చూడలేదు.

ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఈ సంగతిని 1916లో అచ్చయిన తన పుస్తకంలోనే లెక్క కట్టి చూపించాడు. ఎవరైనా ఎవరినైనా కాల్చగలిగిన పోరులో ఒక పక్షం బలం దాని సంఖ్యకు కాక సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుందని ఆయన సూత్రం. నా ఆటకు దాన్ని వర్తింపజేయండి. ఎనిమిది వర్గం 64, నాలుగు వర్గం 16, తేడా 48. దాని వర్గమూలం దాదాపు ఏడు. ఆ 48 నుంచి నా రెండో దళపు 16 తీసేస్తే 32, వర్గమూలం ఆరుకు కాస్త తక్కువ. నా పుస్తకంలో మొదటి పోరు తర్వాత ఆయనకు మిగిలినవి ఏడు, చివరికి ఆరు. కాల్పు కోణాలు, దూరాలు ఉన్న ఆటలో ఇంత దగ్గరగా రావడంలో కొంత కాకతాళీయం ఉంటుందని ఒప్పుకుంటాను, కానీ మీ వ్యాసకర్త గమనించవలసింది ఒకటుంది: ఇద్దరి బలమూ సమానం, పాచికలు సమానం, అయినా ఒక్క విభజన వల్ల ఫలితం ఎనిమిదికి రెండయింది. స్కోరులో కనబడే అంతరం ఆటగాళ్ళ మధ్య ఉన్న అంతరం కాదు. మొదట్లో జరిగిన చిన్న పొరపాటు రౌండ్ రౌండ్‌కూ హెచ్చవుతూ అక్కడికి చేరుతుంది. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధాన్ని కూడా లాంచెస్టర్ ఈ సూత్రంతోనే పరిశీలించాడు. అక్కడ ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాల 33 ఓడల వరుసను 27 ఓడలతో బ్రిటిష్ సేనాని నెల్సన్ మధ్యలో తెగ్గొడితే, ఆ వరుస ముందుభాగంలోని ఓడలు ఆ మెల్లని గాలిలో వెనక్కి తిరిగి వచ్చేసరికే పోరు తేలిపోయింది. నా కుడి దళం చేసిందీ అదే, గాలి లేదన్న సాకు కూడా లేకుండా.

నేను చేయవలసిందేమిటో ఇప్పుడు తెలుస్తోంది. టై ఫైటర్ నేరుగా వెళితే కనీస వేగం రెండు, ఆగి ఎదురుచూసే వీలు లేదు. కానీ ఒకటో వేగంతో గట్టిగా మలుపు తిరగవచ్చు. ఎడమ దళాన్ని రెండో రౌండ్‌లోనే అలా అంచు దగ్గర తిప్పుకుంటూ ఉంటే, కాల్పులు మొదలయ్యేసరికి కుడి దళం అందుకునేది. ఈ మలుపు, పాచికలు చేతిలోకి తీసుకోకముందే డయల్ మీద పెట్టవలసింది. ఇలాంటి ఆటల గురించి మళ్ళీ రాసేటప్పుడు ఏ పాచిక ఎలా పడిందన్నది కాక, తొలి కాల్పుల నాటికి ఎవరి ఓడలు ఎక్కడున్నాయో ముందు చూడమని మీ వ్యాసకర్తను కోరుతున్నాను.

గత వారం అవే దళాలతో మళ్ళీ ఆడాం. ఎనిమిదింటినీ ఒకటిగానే నడిపాను, రెండుసార్లు నా ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, మళ్ళీ నేనే ఓడాను. అయితే ఈసారి ఆయనకు మిగిలినవి మూడు ఓడలు, అందులో ఒకటి ఇంకొక్క దెబ్బ తగిలితే కూలేది.

ఇట్లు,
ఒక పాఠకుడు