అన్నం మానకుండా బరువు తగ్గడం గురించి అక్కయ్యకు ఉత్తరం

మెల్‌బోర్న్,
12 జులై 2025

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందినప్పటి నుంచి నా ఆలోచనంతా దాని మీదే ఉంది. డాక్టరుగారు బరువు తగ్గి తీరాలని చెప్పారనీ, శ్రావణమాసం వెళ్ళగానే మీ వీధిలో నలుగురూ చేస్తున్న లిక్విడ్ డైట్ మొదలుపెడతాననీ, ఇక అన్నం జోలికి పోననీ రాశావు. నేను ఎలా తగ్గానో కూడా అడిగావు. ఫోనులో మాట్లాడుకుంటే సగం సంగతులు దాటిపోతాయి కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివి, బావగారికి కూడా వినిపించి, ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకో.

అన్నిటికంటే ముందు నీ మాత్రల సంగతి చెప్పాలి. నువ్వు షుగరుకు మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటున్నావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నాకు ఇంత దిగులు ఉండేది కాదు. గ్లిమిపిరైడ్ మాత్రం మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. పొద్దున ఆ మాత్ర వేసుకుని రోజంతా నిమ్మరసంతోనూ సూపుతోనూ గడిపితే రక్తంలో చక్కెర ఉండవలసిన దానికంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం మొదలవుతాయి. నిద్రలో అలా జరిగితే పక్కనున్న వారికి కూడా తెలియకపోవచ్చు. అందుకని నువ్వు ఏ పద్ధతి ఎంచుకున్నా, ఆహారం తగ్గించడానికి ముందే నీకు మందులు రాసిన డాక్టరుగారిని కలిసి మోతాదు ఎలా మార్చాలో అడుగు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

లిక్విడ్ డైట్ అంతా బూటకమని నేను అనడం లేదు. బ్రిటన్‌లో షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి, ఇన్సులిన్ వాడనివారికి మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చి పరీక్షించారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఏడాది గడిచేసరికి సుమారు 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. కానీ అక్కడ మొదటి రోజునే షుగరు మాత్రలు ఆపించారు, శరీరానికి కావలసిన పోషకాలన్నీ లెక్క ప్రకారం కలిపిన పానీయాలు ఇచ్చారు, ఆ తర్వాత కొన్ని వారాల పాటు మామూలు భోజనాన్ని మెల్లమెల్లగా అలవాటు చేయించారు, రెండేళ్ళ దాకా వెంట ఉండి చూసుకున్నారు. పక్కింటావిడ కాగితం మీద రాసిచ్చిన జాబితా చూసి మాత్రలు వేసుకుంటూనే మొదలుపెట్టడం దానితో సమానం కాదు.

ఇక నా సంగతి. ఇక్కడికి వచ్చాక పెరిగిన బరువు తగ్గించుకోవడానికి నేను చేయని ప్రయత్నం లేదు. అన్నం పూర్తిగా మానేశాను, రాత్రి భోజనం మానేశాను, కొన్నాళ్ళు పళ్ళతోనే గడిపాను, ఆఫీసులో మధ్యాహ్నం పచ్చి ఆకులు మాత్రమే తిన్నాను. ప్రతిసారీ మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గేవి, సంబరంగా ఉండేది. అందులో ఎక్కువ భాగం నీరేనని తర్వాత తెలిసింది. కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ ఉండే పిండిపదార్థం ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే ఆ నిలవ కరిగి, దానితో పాటు నీరు పోతుంది. మళ్ళీ నాలుగు పూటలు అన్నం తింటే ఆ నీరు తిరిగి వస్తుంది. కొవ్వు కరగడం మాత్రం ఎంతో నెమ్మదిగా జరిగే పని.

అంతకంటే పెద్ద చిక్కు ఆకలి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి, తర్వాత ఏడాది దాకా గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది గడిచినా వారిలో ఆకలి పుట్టించే హార్మోన్లు పాత స్థాయికి దిగలేదు, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు పాత స్థాయికి చేరలేదు. ఇది చదివినప్పుడు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నోరు కట్టుకోలేనిదాన్నని నన్ను నేను ఎన్నేళ్ళు నిందించుకున్నానో నీకు తెలుసు. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తున్నప్పుడు, రోజంతా ఆకలితో ఉంచే పద్ధతి ఎంత పట్టుదల గలవారినైనా ఓడిస్తుంది. కనుక ఆకలి తీరుతూ బరువు తగ్గే దారి ఏదో వెతుక్కోవాలి.

ఆ దారి నాకు ఒక డైటీషియన్ చూపించింది. రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే అంకె, 6.2 అని, షుగరు హద్దుకు దగ్గరగా ఉన్నానని తేలినప్పుడు మా డాక్టరు ఆమె దగ్గరకు పంపారు. ఇక్కడ దీర్ఘకాలిక సమస్య ఉన్నవారికి డాక్టరు పథకం రాసిస్తే, అటువంటి నిపుణులను ఏడాదికి ఐదుసార్లు కలవడానికి ప్రభుత్వం కొంత ఖర్చు భరిస్తుంది. ఏది మానాలో చెబుతుందనుకుని వెళ్ళాను. ఆమె మాత్రం ఏది మానలేవో చెప్పమని అడిగింది. అన్నం, పెరుగు అని చెప్పాను. అయితే అవి ఉంటాయి, మిగిలినదంతా వాటి చుట్టూ సర్దుకుందాం అన్నది. మూడు రోజుల పాటు ఏమీ మార్చకుండా, తిన్న ప్రతిదీ తూచి రాయమన్నది. పిల్లలు కంచంలో వదిలేసినది, కూర ఉప్పు చూడటానికి నోట్లో వేసుకున్నది కూడా అందులో ఉండాలన్నది.

మన భోజనంలోని అసలు సంగతి ఆ కాగితం మీద బయటపడింది. మనం అన్నం ఒక్కసారి వడ్డించుకుని తినము కదా. పప్పు, నెయ్యి, ఆవకాయతో ఒక విడత, కూరతో ఒక విడత, చారుతోనో పులుసుతోనో ఇంకో విడత, చివరకు పెరుగుతో ఒక విడత. ఏ విడతకు ఆ విడత కొంచెమే కనిపిస్తుంది, ఏ ఒక్కటి వదిలినా భోజనం వెలితిగా అనిపిస్తుంది. కంచం తూకం మీద పెట్టి వడ్డించిన ప్రతిసారీ అంకె రాసుకుంటే, ఒక్క పూటకే అన్నం 400 గ్రాములు దాటింది. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. అంటే పప్పు, కూర, నెయ్యి కాకుండా అన్నం నుంచే 500 కేలరీల పైన వచ్చాయన్నమాట. అన్నం చెడ్డదని దీని అర్థం కాదు. మన భోజనంలో ప్రతి రుచికీ మళ్ళీ అన్నం కావలసి వస్తుంది, చిక్కల్లా అక్కడే ఉంది.

ఇప్పుడు నేను కూరను అన్నంలో కలపను. బీరకాయో దొండకాయో గోరుచిక్కుడో ఒక పెద్ద గిన్నెడు ముందుగా ఉత్తిగానే తింటాను, దానికి తగ్గట్టు ఉప్పూకారం తగ్గించి వండుతాను. పప్పు చిక్కగా చేసుకుని అన్నం కంటే ఎక్కువ వేసుకుంటాను. చారు గ్లాసులో పోసుకుని తాగుతాను. చివర పెరుగన్నం ఉంటుంది. రెండు విడతలకూ కలిపి అన్నం 150 గ్రాములు. పొద్దున ఉప్మా బదులు పెసరట్టో రెండు గుడ్లో తింటే మధ్యాహ్నం దాకా ఆకలి అనిపించదు. ఇంట్లో అందరికీ ఒకే వంట, నాకు వేరే గిన్నె లేదు. ఇది నాకు ఎంతో ముఖ్యమైన విషయం, ఎందుకంటే ఆఫీసు నుంచి వచ్చి రెండు రకాల వంటలు చేయవలసి వచ్చిన ఏ పద్ధతీ నెలకు మించి నిలవలేదు.

నూనె సంగతి కూడా అంతే. పోపులోకి సీసా వంచి పోస్తే ఎంత పడుతుందో తెలియదు. పెద్ద చెంచాడు నూనె సుమారు 14 గ్రాములు, 120 కేలరీలు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో 2000 కేలరీల రోజువారీ ఆహారానికి నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములే చూపించారు. కూరగాయలు 400 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు అన్నారు. ఆ 85 గ్రాముల పప్పు ఒక్క మనిషికి అని గమనించు. మన ఇళ్ళలో ఇంటిల్లిపాదికీ కలిపి ఒక పూట అంత వేస్తే గొప్ప. పరాయి దేశపు పద్ధతులెన్నో వెతికాక, మనకు తగిన లెక్క మన హైదరాబాదులోనే దొరకడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

నడక వల్లనే బరువు తగ్గుతుందని అనుకోకు, తిండి మారకుండా నడక ఒక్కటే చేసేది తక్కువ. అయినా మానకు. భోజనమైన వెంటనే పావుగంట నడిస్తే తిన్న తర్వాత పెరిగే చక్కెర తగ్గుతుంది, నీకు అదే ముఖ్యం. ఇక్కడ ఇప్పుడు చలికాలం, సాయంత్రం ఐదు దాటితే చీకటి, అందుకని నేను హాల్లోనే అటూ ఇటూ నడుస్తున్నాను. నీకు గోదావరి గట్టు ఉన్నది, వాన పడితే వరండా ఉన్నది.

ఎంత తగ్గాలని అడిగావు. పెళ్ళినాటి బరువు మనసులో పెట్టుకోకు. షుగరు వచ్చే ప్రమాదం ఉన్నవారి మీద అమెరికాలో జరిపి 2002లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టారు. ఆ మాత్రానికే షుగరు రావడం 58 శాతం తగ్గింది. నీకు ఇప్పటికే ఉన్నది కనుక ఆ అంకె నీకు వర్తించదు గానీ, కొద్దిపాటి తగ్గుదలకు కూడా ఎంత విలువ ఉందో అది చెబుతుంది. బరువుతో పాటు నడుము కొలత కూడా రాసుకో. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. నాకు ఏడాదికి పైగా పట్టింది, తొమ్మిది కిలోలు తగ్గాను. మధ్యలో రెండు నెలలు తూకంలో ఏ మార్పూ లేదు, కానీ జాకెట్లు వదులయ్యాయి. హెచ్‌బీఏ1సీ 5.7కు దిగింది.

బావగారు బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడగమన్నారట. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశానికి వచ్చాయి. అవి నిజమైన మందులే, అవసరమైనవారు వాడుకోవడంలో చిన్నతనమేమీ లేదు. వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ వాడినవారు సగటున 15 శాతం దాకా తగ్గారు, అయితే ఆపేసిన ఏడాదిలోపు తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఖర్చు ఎంతవుతుందో, ఎన్నాళ్ళు వాడాలో ముందే తెలుసుకోవాలి. అది డాక్టరుగారు నిర్ణయించవలసిన విషయం, మందుల దుకాణంలో అడిగి కొనవద్దని బావగారికి చెప్పు.

శ్రావణమాసంలో ఏం చేయాలని బెంగపడకు. వరలక్ష్మీ వ్రతం నాడు పులిహోర, బూరెలు భోజనంతో పాటు కొద్దిగా తిను, ఆ పూట అన్నం తగ్గించుకో. డబ్బాలో దాచి మర్నాడు, ఎల్లుండి తినడం వద్దు, మిగిలినవి ఆ రోజే పంచిపెట్టు.

ఆగస్టు మొదటి వారంలో మా పక్కింటివారు కాకినాడ వస్తున్నారు. వారితో వంటింట్లో వాడుకునే చిన్న తూకం ఒకటి పంపుతున్నాను. కంచం దాని మీద పెట్టి సున్నా మీట నొక్కి, ఆ తర్వాత వడ్డించుకుంటే అన్నం బరువు మాత్రమే చూపిస్తుంది. మొదటి వారం ఏమీ తగ్గించకుండా రాస్తూ ఉండు. ఆ కాగితాల ఫొటోలు పంపితే ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం. గ్లిమిపిరైడ్ గురించి డాక్టరుగారు ఏమన్నారో మాత్రం అంతదాకా ఆగకుండా కలిసిన రోజునే నాకు చెప్పు.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ చెల్లెలు