రైలు కట్టకు అటూ ఇటూ ఉన్న ఊరిని ఒక్క ఊరిగా చూపండి

భారత జనాభా లెక్కల కమిషనర్ గారికి,

నమస్కారం. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుగుతున్నాయి. అంటే 2011 తర్వాత పదహారేళ్లకు. ఈ లెక్కల్లో చిన్న రైల్వే ఊళ్లకు చాలాకాలంగా ఒక అన్యాయం జరుగుతోంది. మీ కార్యాలయం తలచుకుంటే సరిదిద్దగలిగేదే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

చెరువు కిందో ఏటి ఒడ్డునో వెలిసిన పల్లెలకు చుట్టూ ఉన్న పొలాలే ఆధారం. రైల్వే ఊరు అలా పుట్టలేదు. ఆవిరి ఇంజను కొంత దూరం పరుగెత్తాక నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, డ్రైవరు, గార్డు దిగితే మరో జట్టు ఎక్కాలి. అందుకే పెద్ద స్టేషన్ల మధ్య, పొలాల నడుమ, షెడ్లు కట్టారు. మద్రాసు మార్గంలో బిట్రగుంట, చెయ్యేరు పక్కన నందలూరు అలాంటి లోకో షెడ్లతో పేరు తెచ్చుకున్నవే. డోర్నకల్ అయితే బొగ్గు గనుల వైపు లైను చీలే చోట జంక్షన్‌గా ఎదిగింది. ఇలాంటి చోట్ల స్టేషన్‌కు పెట్టింది చాలాసార్లు పక్క పల్లె పేరే. అసలు పల్లె కాస్త దూరంగానే ఉంటుంది.

ఈ ఊళ్ల స్వరూపం ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకటే. మధ్యలో యార్డు. ఒక పక్క రైల్వే స్థలంలో వరుసలు తీరిన క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్ (ఉద్యోగుల క్లబ్బు), ఆసుపత్రి, డ్యూటీ దిగిన డ్రైవర్లు, గార్డులు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూం. మరో పక్క బజారు, బస్టాండు, కాలనీ జీతాలను నమ్ముకుని వచ్చి స్థిరపడిన దర్జీలు, కిరాణా వర్తకులు. రెండింటినీ కలిపేది ఒక గేటో, పాదచారుల వంతెనో. ఆ గేటు పడితే బడికి వెళ్లే పిల్లలు ఇటే ఆగిపోతారు. కట్టకు అటూ ఇటూ బతికేవాళ్లకు ఇదంతా ఒకటే ఊరు.

లెక్కల్లో మాత్రం కాదు. గ్రామీణ ప్రాంతంలో మీ లెక్కకు ఆధారం రెవెన్యూ గ్రామం. కట్టకు ఈవల ఒక రెవెన్యూ గ్రామం, ఆవల మరొకటి అయినచోట ఊరు నిలువునా చీలిపోతుంది. సెన్సస్ టౌన్‌గా, అంటే పాలనలో పల్లె అయినా లెక్కల్లో పట్టణంగా గుర్తించాలంటే కనీసం 5,000 జనాభా ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవారిలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. చీలిన ముక్కల్లో ఏదీ 5,000 చేరకపోవచ్చు. చేరినా, అదే గ్రామం కింద ఉన్న పొలాల విస్తీర్ణం జనసాంద్రతను దించేస్తుంది, రైతుల సంఖ్య 75 శాతాన్ని అందనివ్వదు. పట్టాల మీద బతికే ఊరు కాగితం మీద వ్యవసాయ గ్రామమై కూర్చుంటుంది.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. పట్టణాన్ని ఆనుకుని పెరిగిన ప్రాంతాలను మీరు ‘అవుట్‌గ్రోత్’ అంటారు. ఆ నిర్వచనంలో ఉదాహరణగా చెప్పేవాటిలో రైల్వే కాలనీ కూడా ఉంది. కానీ అది మున్సిపాలిటీ లాంటి చట్టబద్ధమైన పట్టణం పక్కన ఉంటేనే. అదే కాలనీ పల్లె పక్కన ఉంటే దానికి పేరూ లేదు, అంకే లేదు. పట్నం నీడన ఉన్న కాలనీకి ఇచ్చిన గుర్తింపును, ఒంటరిగా ఒక ఊరినే నిలబెట్టిన కాలనీకి ఎందుకు ఇవ్వకూడదు?

ఇది హోదా కోసం పేచీ కాదు. ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్లు మూతబడ్డాయి. క్వార్టర్ల వరుసలో ఒక గుమ్మం ముందు బట్టలు ఆరేసి ఉంటాయి. దాని పక్క దానికి తలుపే ఉండదు. గోడ మీద క్వార్టరు నంబరు మాత్రం చెరగకుండా ఉంటుంది, వంటగదిలో వేపమొక్క పైకప్పు దాకా ఎదిగి ఉంటుంది. ఇలా ఎన్ని కుటుంబాలు వెళ్లిపోయాయో గ్రామం మొత్తం అంకె చెప్పదు, ఎందుకంటే పాత పల్లెలో పెరిగిన జనం కాలనీలో తగ్గిన జనాన్ని కప్పేస్తారు. ఊరు చిక్కిపోతున్నా లెక్కలో నిలకడగా కనిపిస్తుంది. ఆ నిలకడను నమ్మి బడి గురించో, రైలు ఆగడం గురించో నిర్ణయం తీసుకుంటే అది ఎవరి ఊరికి సరిపోతుంది?

రైలును పట్టించుకున్న చరిత్ర మీ శాఖకు ఉంది. 1931 వరకు దేశమంతా ఒకే రాత్రి లెక్కించేవారు. ఆ రాత్రి రైళ్లలో ఉన్న ప్రయాణికులను కూడా వదలకుండా నమోదు చేసేవారు. 2011లోనూ ఫిబ్రవరి 28 రాత్రి మీ సిబ్బంది ప్లాట్‌ఫారాల మీద నిద్రపోయే నిరాశ్రయులను లెక్కపెట్టారు. ఇంత శ్రద్ధ చూపినవారు ప్లాట్‌ఫారం దాటి ఉన్న ఊరినీ చూడగలరని నా నమ్మకం.

పాలనా సరిహద్దులు 2025 డిసెంబరు 31తో స్థిరపడిపోయాయని తెలుసు. వాటిని మార్చమని అడగడం లేదు. గణన బ్లాకులు, అంటే ఒక్కో గణకుడికి అప్పగించే చిన్న ప్రాంతాలు, గీసేటప్పుడు రైల్వే కాలనీని పాత పల్లె ఇళ్లతో కలపకండి. దానికి విడిగా బ్లాకులు ఉంచండి. లెక్కలు ప్రకటించేటప్పుడు గ్రామాల వారీ పట్టికలను ఉన్నట్టే ఉంచి, కట్టకు రెండు పక్కలా ఉన్న బ్లాకులను కలిపి ‘స్టేషన్ ఊరు’ అని ఒక అనుబంధ పట్టిక ఇవ్వండి. ఈసారి వివరాలు సేకరిస్తున్నది మొబైల్ యాప్‌లో కాబట్టి ఆ కూడిక కష్టం కాదు. ఇళ్ల నమోదులో ఖాళీ ఇళ్లను ఎలాగూ రాసుకుంటారు. కాలనీల్లో ఖాళీ క్వార్టర్లు ఎన్నో ఆ పట్టికలోనే చూపండి.

ఆ పట్టిక ఒక ప్రతిని రైల్వే బోర్డుకూ, సంబంధిత పంచాయతీలకూ పంపించండి. క్వార్టర్లను కూల్చాలా, బాగుచేయాలా, కట్ట కింద దారి ఎక్కడ వేయాలి అన్నవి తేల్చాల్సింది వాళ్లే.

నమస్కారాలతో,
ఒక పౌరుడు